ట్రేసీ చాప్‌మన్ తొలి ఆల్బమ్: ఆ ఖాళీ ఊరికే రాలేదు

ట్రేసీ చాప్‌మన్ అనే అమెరికన్ గాయని పేరు ఎత్తితే చాలు, పాశ్చాత్య సంగీతం కాస్తో కూస్తో తెలిసినవాళ్లు మొదట చెప్పేది వెంబ్లీ కథే. 1988 జూన్ 11న లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో, అప్పటికింకా జైల్లోనే ఉన్న నెల్సన్ మండేలా 70వ పుట్టినరోజు పేరిట పెద్ద కచేరీ జరిగింది. మధ్యాహ్నం తన వంతు పాటలు పాడేసి ట్రేసీ దిగిపోయింది. సాయంత్రం ప్రఖ్యాత గాయకుడు స్టీవీ వండర్ వేదిక ఎక్కాల్సిన సమయానికి ఆయన సింథసైజర్ (ఎలక్ట్రానిక్ కీబోర్డు) తాలూకు హార్డ్ డిస్క్ కనిపించలేదు. ఆ రోజుకు సిద్ధం చేసుకున్న సంగీతమంతా అందులోనే ఉంది, అది లేకుండా పాడలేనని ఆయన వెనక్కి వెళ్లిపోయాడు. స్టేడియం నిండా జనం, ప్రసారమేమో 67 దేశాలకు పోతోంది, వేదిక మీద ఎవరూ లేరు, ఇంకో బ్యాండ్‌ను సర్దే టైమ్ లేదు. ఒక గిటారు, మైకు ఉంటే చాలనే మనిషి తెర వెనుక ఉంది కాబట్టి 24 ఏళ్ల ట్రేసీని మళ్లీ పంపారు. ఆమె వెళ్లి ‘ఫాస్ట్ కార్’, ‘అక్రాస్ ద లైన్స్’ పాడింది. కొన్ని వారాల్లోనే ఆమె ఆల్బమ్ బ్రిటన్‌లోనూ, ఆగస్టులో అమెరికాలోనూ చార్టుల్లో మొదటి స్థానానికి చేరింది.

కథ నిజమే. అయితే దీన్ని ఎప్పుడూ అదృష్టం కలిసొచ్చిన కథలా, రాత్రికి రాత్రి స్టార్ అయిపోయిన కథలా చెబుతారు, అక్కడే తేడా కొడుతుంది. అదృష్టం చేసిందల్లా జనం చెవులు ఆమెవైపు తిప్పడం. తిరిగిన చెవులు అక్కడే ఆగిపోవడానికి కారణం ఆ కచేరీకి రెండు నెలల ముందే తయారై ఉంది. 1988 ఏప్రిల్ 5న ఎలెక్ట్రా రికార్డ్స్ విడుదల చేసిన ఆమె తొలి ఆల్బమ్ అది, పేరు కూడా ‘ట్రేసీ చాప్‌మన్’ అనే. పదకొండు పాటలు, దాదాపు 36 నిమిషాలు.

దీని గురించి ఇంకో మాట కూడా బాగా ప్రచారంలో ఉంది. ఇది ఒక గొంతు, ఒక గిటారు మాత్రమే ఉన్న ఆల్బమ్ అని. ఒకసారి జాగ్రత్తగా విని చూడండి. పదకొండింటిలో గొంతు, గిటారు తప్ప ఇంకేమీ లేని పాట చివరిదైన ‘ఫర్ యూ’. వాద్యమన్నదే లేని పాట ఇంకొకటి ఉంది. మిగతా పాటల్లో బేస్ ఉంది, డ్రమ్స్ ఉన్నాయి, కీబోర్డు, స్టీల్ గిటారు, ఎలక్ట్రిక్ సితార్, ఆఫ్రికా దరువులు అన్నీ అవసరాన్ని బట్టి వస్తూ పోతూ ఉంటాయి. అయినా విన్నవాళ్లకు గుర్తుండిపోయేది మాత్రం ఒక మనిషి ఎదురుగా కూర్చుని గిటారు మీటుతూ పాడినట్టే. ఆ ఖాళీని స్టూడియోలో పని కట్టుకుని తయారు చేశారు. ఈ ఆల్బమ్ గొప్పతనంలో పెద్ద వాటా ఆ పనితనానిదే, దాని గురించే జనం తక్కువ మాట్లాడతారు.

ఆమె ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే పాటలు ఇంకా బాగా అర్థమవుతాయి. పుట్టింది 1964లో, ఒహాయో రాష్ట్రం క్లీవ్‌లాండ్‌లో. ఉక్కు కర్మాగారాలతో బతికి, అవి మూతపడుతుంటే చితికిపోయిన ఊరు. తల్లే పెంచింది, డబ్బుకు కటకటే, అయినా మూడేళ్ల పిల్లకు యూకలేలీ (చిన్న గిటారు లాంటి వాద్యం) కొనిపెట్టింది. ఎనిమిదేళ్లకల్లా ట్రేసీ గిటారు పట్టి సొంతంగా పాటలు కట్టడం మొదలుపెట్టింది. చదువులో చురుకైన నల్లజాతి, ఇతర మైనారిటీ పిల్లలను మంచి ప్రైవేటు స్కూళ్లకు పంపే ‘ఎ బెటర్ ఛాన్స్’ అనే పథకం ద్వారా కనెక్టికట్‌లోని ఊస్టర్ స్కూల్లో సీటు దొరికింది. అక్కడి నుంచి బోస్టన్ పక్కనున్న టఫ్ట్స్ యూనివర్సిటీకి వెళ్లి ఆంత్రోపాలజీ చదివింది. ఖాళీ దొరికినప్పుడల్లా దగ్గర్లోని హార్వర్డ్ స్క్వేర్‌లో, చుట్టుపక్కల కాఫీ హౌసుల్లో పాడేది.

వీధిలో పాడటం ఇక్కడ చిన్న విషయమేమీ కాదు. దారిన పోయేవాడు టికెట్ కొని రాలేదు, కూర్చోలేదు, మొదటి రెండు లైన్లలో పట్టుకోకపోతే వెళ్లిపోతాడు. అతన్ని ఆపాలంటే అరవాలి, లేదా గిటారు మోత మొదలైన క్షణంలోనే ఇదేదో వినాలి అనిపించాలి. ట్రేసీ పాటలన్నీ రెండో దారి పట్టినవే. ఈ ఆల్బమ్‌లో పాట మొదలయ్యే తీరు గమనించండి, ఉపోద్ఘాతం సాగదీయదు, గిటారు మీద ఒక చిన్న వరస తిరుగుతుంది, రెండు మూడు ఆవృత్తులయ్యేసరికి కథ మొదలైపోతుంది.

టఫ్ట్స్‌లోనే చదువుతున్న బ్రయన్ కాపెల్‌మన్ (తర్వాత సినిమా రచయిత అయ్యాడు) దక్షిణాఫ్రికా వర్ణవివక్షకు వ్యతిరేకంగా కాలేజీలో నిరసన ఏర్పాటు చేస్తూ, పాడటానికి ఎవరైనా ఉన్నారా అని వెతుకుతుంటే ఎవరో ఈమె పేరు చెప్పారు. వెళ్లి విన్నాడు. అతని తండ్రి చార్లెస్ కాపెల్‌మన్‌కు సంగీత ప్రచురణ వ్యాపారం ఉంది. కాలేజీ రేడియో స్టేషన్లో ఉన్న ఆమె డెమో టేపును (నమూనాగా పాడి పెట్టుకున్న రికార్డింగును) కాపీ చేసి తండ్రికి వినిపించాడు, అక్కడి నుంచి విషయం ఎలెక్ట్రా దాకా వెళ్లింది. వర్ణవివక్ష మీద నిరసనకు గొంతు వెతుకుతుంటే దొరికిన మనిషే, ఆ తర్వాత మండేలా కచేరీలో ప్రపంచానికి పరిచయమైంది. కాబట్టి వెంబ్లీలో ఆమె ఉండటం మాత్రం యాదృచ్ఛికం కాదు.

రికార్డు చేయడానికి ముందుకొచ్చే నిర్మాత దొరకడం అంత తేలిగ్గా జరగలేదు, కొందరు ఈ తరహా పాటలు తమకు సరిపడవని తప్పుకున్నారు. అప్పటి రేడియో ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకుంటే ఎందుకో తెలుస్తుంది: డ్రమ్ మెషిన్లు, సింథసైజర్లు, ప్రతి దెబ్బకూ గుహలో కొట్టినంత ప్రతిధ్వని, ఇంకోవైపు జుట్టు పెంచిన రాక్ బ్యాండ్ల హోరు. అంతకు ముందు ఏడాది సుజాన్ వేగా పాట ‘లూకా’ అమెరికాలో మూడో స్థానం దాకా వెళ్లడంతో గిటారు పట్టుకుని కథ చెప్పే ఆడవాళ్లకూ మార్కెట్ ఉందని కంపెనీలకు కొంచెం ధైర్యం వచ్చింది, అంతే. చివరికి డేవిడ్ కెర్షెన్‌బామ్ ఒప్పుకున్నాడు. జోన్ బయెజ్‌తో, జో జాక్సన్‌తో పనిచేసినవాడు, కొన్నాళ్లుగా ఇలాంటి అకూస్టిక్ రికార్డే చేయాలని చూస్తున్నాడు. హాలీవుడ్‌లోని పవర్‌ట్రాక్స్ స్టూడియోలో ఎనిమిది వారాల్లో పని ముగించారు. విశేషమేమిటంటే ఆల్బమ్‌లోని పాటలన్నీ డెమోలో ఉన్నవే, ఒక్క ‘ఫాస్ట్ కార్’ తప్ప. దాన్ని ఆయన్ను కలవడానికి వచ్చినప్పుడు ఎదురుగా కూర్చుని పాడి వినిపించింది.

కెర్షెన్‌బామ్ పెట్టుకున్న నియమం ఒకటే, ఆమె గొంతు, ఆమె చెప్పే విషయం ముందుండాలి, మిగతాదంతా వాటి చుట్టూ కట్టాలి. వినడానికి ఏ నిర్మాతైనా చెప్పే మాటే. పాటించడమే కష్టం, ఎందుకంటే స్టూడియోలో మంచి వాద్యకారులు కూర్చుని ఉన్నప్పుడు వాళ్లను ఊరికే ఉండమనడం కంటే వాయించమనడం సులువు. బేస్ మీద ల్యారీ క్లైన్, డ్రమ్స్ మీద డెన్నీ ఫాంగ్‌హైజర్, తాళవాద్యాలకు పాలీన్యో ద కోస్టా, అందరూ చేయి తిరిగినవాళ్లే. వాళ్లు ఈ రికార్డులో చూపించిన నైపుణ్యమంతా ఎప్పుడు చేయి తీసేయాలో తెలుసుకోవడంలో ఉంది.

ఇది బాగా తెలిసేది ‘ఫాస్ట్ కార్’లో. గిటారు మీద రెండో ఫ్రెట్‌కు కేపో (తీగలన్నిటినీ ఒకచోట అదిమిపెట్టే క్లిప్పు) బిగించి, నాలుగు స్వరమేళాల చిన్న వరసను వేళ్లతో మీటుతుంది. ఆ వరస ఆధార స్వరం దగ్గర మొదలవదు, అక్కడ ముగియదు కూడా. మధ్యలో ఒకసారి ఇంటి గడప తొక్కినట్టు షడ్జమాన్ని తాకి మళ్లీ బయటికి పోతుంది, ఆఖరి మెట్టు మీద నిలబడి మళ్లీ మొదటికి తోస్తుంది. అందుకే ఎన్నిసార్లు తిరిగినా ఇంకా ఎక్కడికీ చేరలేదు అనిపిస్తూనే ఉంటుంది. పారిపోవాలనుకునే మనిషి పాటకు అంతకంటే సరిపోయే వరస ఊహించడం కష్టం. చరణాలన్నిటికీ అదే వరస, ఒక్క స్వరం మారదు. వెనక బేస్, లయ ఉన్నాయి గానీ పట్టించుకోనంత తగ్గి ఉంటాయి.

మామూలు పాప్ పాటలో నిమిషం తిరగకుండా పల్లవి వచ్చేయాలి. ఇందులో నాలుగు చరణాలు గడిస్తే గానీ రాదు. మొదటి దాంట్లో కారున్న నువ్వు, ఎక్కడికైనా సరే పోవాలనుకునే నేను. రెండో దాంట్లో కిరాణా కొట్టులో పనిచేసి కూడబెట్టిన కొద్ది డబ్బు. మూడో దాంట్లో తాగుడుకు బానిసైన తండ్రి, వదిలేసి వెళ్లిపోయిన తల్లి, తండ్రిని చూసుకోవడానికి చదువు మానేసిన కూతురు. నాలుగో దాంట్లో ఈ రాత్రికి వెళ్తామా, ఇక్కడే ఇలాగే బతికి చస్తామా అన్న ప్రశ్న. ఇంతసేపూ ఆమె గొంతు పెంచదు, ఏడవదు, ఉన్నది ఉన్నట్టు చెప్పుకుపోతుంది. అప్పుడు డ్రమ్స్ ఒక్క దెబ్బతో నిండుగా తెరుచుకుని పల్లవి వస్తుంది, కారులో వేగంగా పోతూ, ఊరి దీపాలు కింద పరుచుకుని, భుజం మీద చెయ్యి పడిన ఆ ఒక్క సాయంత్రం గుర్తుకొస్తుంది. ఇక్కడ కెర్షెన్‌బామ్ బృందం చేసిన పని చూడండి: వాద్యాలన్నీ నిండుగా మోగేది జ్ఞాపకంలోనే. ప్రస్తుతానికి రాగానే మళ్లీ గిటారు, గొంతు మిగులుతాయి. అంటే ఈ పాటలో డ్రమ్స్ కూడా కథలో ఒక పాత్రే, ఆమె జీవితంలో వెలుగు ఎంతసేపుందో అంతసేపే అవి గట్టిగా మోగుతాయి.

కథ అక్కడ ఆగిపోతే అది పారిపోయి బాగుపడిన జంట కథ అయ్యేది. ఆగలేదు. ఆమె సూపర్ మార్కెట్లో బిల్లు కౌంటర్ దగ్గర పనిచేస్తుంది, అవతలి మనిషికి ఇంకా పనిలేదు, అయినా పెద్ద ఇంటి మీద ఆశ చావలేదు. ఇంకో చరణం గడిచేసరికి ఇంటి ఖర్చులన్నీ ఆమె జీతం మీదే నడుస్తున్నాయి, ఆ మనిషి పిల్లల కంటే ఎక్కువగా స్నేహితులతో బారులో గడుపుతున్నాడు. తండ్రి సీసా నుంచి తప్పించుకోవడానికి ఎక్కిన కారే ఆమెను ఇంకో సీసా ఉన్న ఇంటికి చేర్చింది. పాట ఈ మాట ఎక్కడా నోరు విప్పి చెప్పదు, రెండు చరణాలనూ పక్కపక్కన పెట్టి ఊరుకుంటుంది. చివర్లో ఈ రాత్రే తేల్చుకోవాలన్న ప్రశ్న మళ్లీ వస్తుంది, అయితే ఈసారి కారెక్కి పోవాల్సింది ఇద్దరూ కాదు, అతనొక్కడే. ఆమె ఉండిపోతుంది. అదే గిటారు వరస, మొదట్లో తప్పించుకోవడంలా వినిపించింది, ఇప్పుడు అతన్ని సాగనంపుతున్నట్టు వినిపిస్తుంది. పేదరికం ఒక తరం నుంచి ఇంకో తరానికి ఎలా దిగుతుందో ఐదు నిమిషాల లోపు ఇంత స్పష్టంగా చెప్పిన పాప్ పాట ఇంకొకటి దొరకడం కష్టం.

నాలుగో పాట ‘బిహైండ్ ద వాల్’ ఇంకో అడుగు ముందుకు వేసింది. ఇక్కడ గిటారు కూడా పక్కన పెట్టేశారు. పక్కింటి గోడ అవతల ఒక ఆడమనిషిని కొడుతున్న శబ్దం రాత్రుళ్లు వినిపిస్తుంటుంది, పోలీసులను పిలిస్తే ఆలస్యంగా వస్తారు, వచ్చినా ఇది మొగుడూ పెళ్లాల గొడవ, మేం కలగజేసుకోలేం అంటారు. ఇది తెలుగు నేల మీద ఏ అపార్ట్‌మెంట్లోనైనా వినిపించే మాటే, అందుకే మనకు మరీ దగ్గరగా తగులుతుంది. రెండు నిమిషాలు కూడా లేని ఈ పాటలో అసలు బలం లైనుకూ లైనుకూ మధ్య వదిలిన ఖాళీలో ఉంది. వాద్యం ఉంటే ఆ ఖాళీని నింపేసేది, మనం విషాద సంగీతం వింటున్నామన్న ఊరట దొరికేది. అది లేకపోవడంతో వినేవాడు కూడా ఆ గోడకు చెవి పెట్టి నిలబడాల్సి వస్తుంది. దీనికి ముందున్నది ‘అక్రాస్ ద లైన్స్’, ఊరిని నల్లవాళ్ల వైపు, తెల్లవాళ్ల వైపు అని చీల్చే గీత మీద రగిలిన అల్లర్ల గురించి. దీని తర్వాతది ‘బేబీ కెన్ ఐ హోల్డ్ యూ’, క్షమించమని అడగలేని, ప్రేమిస్తున్నానని చెప్పలేని ఇద్దరి గురించి. ఊళ్లో హింస, ఇంట్లో హింస, ఆ తర్వాత మాట పెగలని ప్రేమ, ఈ వరస బాగా ఆలోచించి పెట్టింది. ఇప్పుడు ప్లేలిస్టుల్లో వినేవాళ్లకు ఈ మూడూ ఒకదాని వెంట ఒకటి తగలవు, అందుకని ఒక్కసారైనా ఎల్పీ రికార్డు మొదటి వైపున్న ఐదు పాటలూ వరసగా వినాలి.

రెండో వైపు అంత గట్టిగా లేదు, ఆ మాట చెప్పడానికి మొహమాటం అక్కర్లేదు. ‘షీజ్ గాట్ హర్ టికెట్’లో రెగే (జమైకా సంగీతం) లయ బయటి నుంచి తెచ్చి అతికించినట్టు ఉంటుంది. ‘వై?’ పాట ప్రపంచంలో ఇన్ని అన్యాయాలు ఎందుకని వరసగా అడుగుతూ పోతుంది, అడిగినవన్నీ న్యాయమైన ప్రశ్నలే, కానీ మొదటి వైపు ఒక ఇల్లు, ఒక గోడ, ఒక కారు చూపించి చెప్పిన మనిషి ఇక్కడ నినాదాలకు దిగిపోయిందనిపిస్తుంది. ఆమె బలం మనుషులను చూపించడంలో ఉంది. ‘ఫర్ మై లవర్’లో అది మళ్లీ తిరిగొస్తుంది, ప్రేమించిన మనిషి కోసం జైలుకు కూడా వెళ్లొచ్చిన ఒకరి మొండి ప్రేమ, వెనక స్టీల్ గిటారు లాగుడు. ‘మౌంటెన్స్ ఓ థింగ్స్’ కూడా గట్టి పాటే, సొమ్ము పోగేసుకోవాలన్న పేదవాడి కలను వెక్కిరించకుండా, సమర్థించకుండా లోపలికి వెళ్లి చూస్తుంది.

గొంతు గురించి విడిగా చెప్పుకోవాలి. స్త్రీ గొంతుల్లో కింది స్థాయిది, లోతుగా, చివర్లో చిన్న వణుకుతో ఉంటుంది. గమకాలు, మెలికలు వేసి మెప్పించే ప్రయత్నం చేయదు. మైకుకు బాగా దగ్గరగా రికార్డు చేయడం వల్ల ఊపిరి తీసుకున్న చోటు కూడా తెలుస్తుంది. ప్రతిధ్వని తగ్గించేశారు, ఆ కాలపు రికార్డులు చాలావరకు ఇప్పుడు వింటే పాతబడిపోయినట్టు ఉండటానికి, ఇది నిన్న చేసినట్టు ఉండటానికి అదొక ముఖ్య కారణం. కాలానికి తగ్గ అలంకారాలు పెట్టలేదు కాబట్టి కాలంతోపాటు వెలిసిపోయేది కూడా తక్కువే.

ఇక ఫోక్ (జానపద తరహా) అన్న ముద్ర. అమెరికాలో అకూస్టిక్ గిటారు పట్టుకుని పాడే గాయని అంటే అరవైల నుంచి జనం మనసులో తెల్లమ్మాయి బొమ్మే ఉండిపోయింది. నిజానికి ఆ సంగీతపు వేళ్లు కొంతవరకు నల్లజాతి బ్లూస్‌లో ఉన్నాయి, ఫోక్‌కు గుర్తుగా నిలిచిన బాంజో కూడా ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్లతో వచ్చిందే. ట్రేసీ వచ్చినప్పుడు చాలామంది ఆమెను ఒక వింతలా చూశారు, నల్లవాళ్ల రేడియో స్టేషన్లు ఆమె పాటలు పెద్దగా వేయలేదన్న చర్చ కూడా నడిచింది. వింతేమీ లేదు, మధ్యలో తెగిపోయిందనుకున్న తీగనే ఆమె మళ్లీ మీటింది.

ఆ ఏడాదే మానవ హక్కుల సంస్థ అమ్నెస్టీ ఇంటర్నేషనల్ కోసం జరిగిన ‘హ్యూమన్ రైట్స్ నౌ’ యాత్రలో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్, స్టింగ్, పీటర్ గేబ్రియల్, యూసూ న్‌డూర్ లాంటివాళ్లతో కలిసి ఆమె దేశాలు తిరిగింది. సెప్టెంబర్ 30న ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో కూడా పాడారు. మరుసటి ఏడాది మూడు గ్రామీలు వచ్చాయి, కొత్త కళాకారిణి, ఉత్తమ పాప్ గాయని, సమకాలీన ఫోక్ ఆల్బమ్ విభాగాల్లో. అమెరికాలో ఈ ఆల్బమ్‌కు ఆరుసార్లు ప్లాటినం గుర్తింపు దక్కింది, అంటే అరవై లక్షల కాపీల మాట.

ఈ ఆల్బమ్ కట్టుబడి ఎంత గట్టిదో 2023లో మళ్లీ పరీక్షకు వచ్చింది. ల్యూక్ కోంబ్స్ అనే కంట్రీ (అమెరికా పల్లె బాణీ సంగీతం) గాయకుడు ‘ఫాస్ట్ కార్’ను మళ్లీ పాడాడు. గిటారు వరస అదే, సాహిత్యం కూడా దాదాపు అదే, బిల్లు కౌంటర్ దగ్గర పనిచేసే అమ్మాయి అన్న మాటను కూడా మగవాడికి తగ్గట్టు మార్చకుండా అలాగే ఉంచాడు. చుట్టూ కంట్రీ బ్యాండ్ నింపినా కథ చెక్కుచెదరలేదు. అది బిల్‌బోర్డ్ హాట్ 100 అనే అమెరికన్ పాటల చార్టులో రెండో స్థానానికి, అంటే ట్రేసీ సొంత రికార్డింగ్ చేరిన ఆరో స్థానం కంటే పైకి వెళ్లింది. ఆ నవంబర్లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ఏడాది ఉత్తమ పాట అవార్డు రచయితగా ట్రేసీకి ఇచ్చింది, ఆ అవార్డు అందుకున్న మొదటి నల్లజాతి రచయిత ఆమె. 2024 ఫిబ్రవరిలో గ్రామీ వేదిక మీద ఇద్దరూ కలిసి పాడారు. ఏళ్ల తరబడి బయట కనిపించని మనిషి వేళ్లు ఆ వరస మొదలుపెట్టగానే హాలంతా లేచి చప్పట్లు కొట్టింది, ఆ వారమే 1988 నాటి రికార్డింగ్ ఐట్యూన్స్‌లో మొదటి స్థానానికి వచ్చింది.

డబ్బు సంగతి కూడా ఈ లెక్కలో భాగమే. స్టూడియోలో పదిమంది చేతులు పడ్డా, పదకొండు పాటల మాట, బాణీ రెండూ పూర్తిగా ట్రేసీవే, రచనలో ఎవరికీ వాటా లేదు. వాటిని ఆమె గట్టిగా కాపాడుకుంటుంది, ముక్కలు కోసి వేరే పాటల్లో వాడుకోవడానికి ఒప్పుకోదు. ‘బేబీ కెన్ ఐ హోల్డ్ యూ’ను అనుమతి లేకుండా వాడారని 2018లో ర్యాప్ గాయని నిక్కీ మినాజ్ మీద కేసు వేసింది, 2021లో 4,50,000 డాలర్ల చెల్లింపుతో అది ముగిసింది. కోంబ్స్ పాట కంట్రీ రేడియో చార్టులో మొదటి స్థానానికి వెళ్లినప్పుడు, ఆ స్థానంలో రచయితగా ఒకే ఒక్క పేరు ఉన్న మొదటి నల్లజాతి మహిళ ట్రేసీయే అయ్యింది. 2025 ఏప్రిల్‌లో ఆల్బమ్‌ను వినైల్ రికార్డు మీద మళ్లీ తెచ్చినప్పుడు కూడా ఆ పని దగ్గరుండి చూసుకుంది.